కడలిలోని ఎఱ్ఱనాచులు – వాని కణకవచము పలుకు సాక్ష్యము

మన కమ్మర్‌పల్లికి చేరువను కోనసముద్రమను గ్రామము కలదు. పేరున సముద్రమున్నను ఆ యూర సముద్రము లేదు. పెద్ద చెరువులకు సముద్రమని పేరిడుట మన దేశమున పూర్వాచారము. నిజమైన సముద్రమును చూడగోరినచో మనము రైలెక్కి చాల దూరము పోవలెను. మన విద్యార్థులలో పెక్కురు ఉప్పునీటి యలలను ఇంకను చూచియుండరు. అట్టివారికి సముద్రపు నాచులను గూర్చిన పాఠ మెందులకని ఎవరైన అడుగవచ్చును. ఆ ప్రశ్నకు కోనసముద్రమే బదులు చెప్పగలదు.

పూర్వకాలమున ఆ గ్రామపు కమ్మరులు చేసిన ఉక్కు దేశాంతరములందు ప్రసిద్ధి గాంచినది. పారసీక వర్తకులు వచ్చి దానిని కొనిపోయెడివారు. వాయిసీ అను ఆంగ్లేయ భూగర్భశాస్త్రజ్ఞుడు అచటి ఉక్కు తయారీని స్వయముగా చూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832లో అచ్చుపడినది. మెత్తని యినుపముద్దను, ఉక్కుముద్దను ప్రక్కప్రక్కల నుంచినచో చూపరికి రెండును నల్లని ముద్దలే. కాని ఆ ఉక్కులో నూటికి ఒకటి రెండు పాళ్ల కర్బనము కలదు. మెత్తని యినుములో అది మిక్కిలి స్వల్పము. ఆ కొద్దిపాటి భేదమే ఖడ్గమునకు వాడినిచ్చుచున్నది. వస్తువును పైరూపమును బట్టి గాక లోని గుణమును బట్టి గుర్తించుట మన కమ్మరు లేనాడో నేర్చిన విద్య. సముద్రములోని ఎఱ్ఱనాచులను వర్గములుగా విభజించుటలో ఇరువదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు చేసినదియు నిట్టిదే. ఆ కథను, అందలి మెలకువలను, పొరపాట్లను ఈ వ్యాసమున తెలుపుదును.

ఎఱ్ఱనాచులనగా నేవి?

చెరువుగట్టు రాళ్లపై జాఱుడుగా పెరుగు పచ్చని పాచిని మనమందఱము నెఱుగుదుము. శైవలములను గొప్ప సమూహములో అదియు నొకటి. శైవలములకు నిజమైన వేరు, కాండము, ఆకు అను భాగములు లేవు, పువ్వులు పూయవు, విత్తనములు కాయవు. సముద్రమున పెరుగు పెద్ద శైవలములను ఆకుపచ్చనివి, గోధుమవన్నెవి, ఎఱ్ఱనివి అని మూడు తెగలుగా చెప్పుట వాడుక. ఎఱ్ఱతెగకు రోడోఫైటా అని శాస్త్రీయనామము. వీనియందు పత్రహరితము లేకపోలేదు. కాని ఫైకోఎరిత్రిన్ అను ఎఱ్ఱని వర్ణద్రవ్యము దానిని కప్పివేయును. నీటిలో లోతునకు చొచ్చుకొనిపోవు నీలి, ఆకుపచ్చ కాంతులను ఈ ద్రవ్యము గ్రహించును. కావున వెలుతురు మందగించిన చోటులయందును ఎఱ్ఱనాచులు బ్రతుకగలవు. ఇప్పటికి గుర్తింపబడిన జాతులు 7,000కు పైబడినవి. మంచినీట పెరుగునవి కొన్ని యున్నను, అధికభాగము సముద్రవాసులే.

తెలుగునాట వీనిని చూడదగిన చోటు విశాఖపట్టణపు తీరము. ఆంధ్రదేశపు కోస్తా చాలవఱకు ఇసుకమయము. నాచు అంటుకొని పెరుగుటకు ఱాయి కావలెను. విశాఖయొద్ద కొండలు కడలి యంచుదాక వచ్చుటచే అట్టి ఱాళ్లు అచట సమృద్ధిగా నున్నవి. ఎం. ఉమామహేశ్వరరావుగారు, టి. శ్రీరాములుగారు అను వృక్షశాస్త్రజ్ఞులు ఆ తీరమున ఆటుపోటుల నడుమ పెరుగు నాచులను పరిశీలించి 1964లో ఒక వ్యాసమును, అచటి సముద్రశైవలముల పట్టికను 1970లోను ప్రకటించిరి. గ్రాసిలేరియా, గెలిడియం, హిప్నియా, గ్రటలూపియా, పోర్ఫిరా, యాంఫిరోవా అను ఎఱ్ఱనాచులు ఆ తీరమున పెరుగును. విద్యార్థులారా, ఈ ఆఱు పేర్లను జ్ఞాపకముంచుకొనుడు. పాఠము ముగియు వేళకు వీనిని మరల పిలిచి, ఏది యే వరుసను నిలువవలెనో చూతము.

రూపము నమ్మదగినదా?

నాచులను రంగును బట్టి తెగలుగా విభజించుటకు దారి చూపినవాడు ఫ్రాన్సు దేశీయుడగు లామురూ. ఆయన గ్రంథము 1813లో వెలువడినది. రంగు మంచి గుఱుతే, కాని మోసగించు గుఱుతు. ఎండతాకిడికి లోనైన గ్రాసిలేరియా పసుపువన్నెకు, ఒక్కొక్కప్పుడు ఆకుపచ్చకును తిరుగును. ఒడ్డున పడి ఎండిన నాచు తెల్లబడిపోవును. అట్టి కొమ్మను చేతబట్టి ఇది ఎఱ్ఱతెగలోనిదని రంగుచేత చెప్పుట యెట్లు?

ఆకారమును అట్టిదే. గ్రాసిలేరియాలోను హిప్నియాలోను సన్నని గుండ్రని కొమ్మలు చీలిచీలి పెరుగు జాతులు కలవు. అనుభవము లేనివాని చేతిలో అవి యన్నదమ్ములవలె నుండును. అలలు మోదు చోట పెరిగిన మొక్క పొట్టిగను, నిలుకడ నీట పెరిగిన మొక్క పొడవుగను ఉండుటచే ఒకే జాతి రెండుగా తోచుటయు కలదు. ఒకే మడిలోని వరి గట్టు నీడన నొక తీరుగ, నడుమ నొక తీరుగ పెరుగుట మీరు చూచినదే.

ఈ చిక్కును గ్రహించి జర్మనీ దేశీయుడగు ష్మిట్స్, ఆ తరువాత స్వీడను దేశీయుడగు కూలిన్, బయటి రూపమును విడిచి సంతానోత్పత్తి విధానమును ఆధారముగా గైకొనిరి. స్త్రీబీజము ఫలదీకరణము నొందిన పిమ్మట ఏ కణము దానిని పోషించును, విత్తులవంటి బీజములు ఎట్లు ఏర్పడును అను విషయములను సూక్ష్మదర్శినితో చూచి క్రమములను ఏర్పఱచిరి. ఇది గొప్ప పని. నేటికిని వర్గీకరణమునకు అదియొక మూలస్తంభము. కాని దానికొక యిబ్బంది కలదు. ఫలించిన మొక్క దొరకినగాని ఆ పరీక్ష సాగదు. దొరకినను పలుచగా కోసి, రంగులద్ది, దినములకొలది చూడవలెను. కంటికి లొంగనిదానిని వేఱొక సాక్షి చెప్పునేమో యని వెదకగా, మొక్క యొడలినిండ నున్న కణకవచము ముందుకు వచ్చినది.

గోడ కట్టిన తీరు

ప్రతి మొక్క కణము చుట్టును ఒక గోడ కలదు. దానినే కణకవచ మందురు. మన పల్లెలలో తడక కట్టి దానిపై మట్టి మెత్తిన గోడలను చూచియున్నారు గదా! ఎఱ్ఱనాచు కణకవచమును అట్టిదే. తడకస్థానమున సెల్యులోజు పోగులు కొద్దిగా నుండును. మట్టిస్థానమున జిగురువంటి పదార్థము మెండుగా నుండును. ఆటు వేళ నీరు తీసిపోయి ఎండ కాయునపుడు ఆ జిగురు తేమను పట్టియుంచును. పోటువేళ అల కొట్టినపుడు కొమ్మ విఱుగక వంగునట్లు చేయును.

ఈ జిగురు దేనితో చేయబడినది? చక్కెరతో. చెఱకు పండు సీమవారమగు మనకు ఈ మాట వింతగా తోచరాదు. అయితే ఇది చెఱకులోని చక్కెర గాదు. పాలలోని చక్కెరను విడదీసిన రెండు చిన్న చక్కెరలు వచ్చును. వానిలో నొకదానికి గెలాక్టోజు అని పేరు. ఆ గెలాక్టోజు అణువులు వందలకొలది, వేలకొలది గొలుసుగా కూడి ఎఱ్ఱనాచుల జిగురైనవి.

ఇచట నొక మర్మము కలదు. ఒక జత చెప్పులను తీసికొనుడు. తోలు ఒకటే, కొలత ఒకటే, కుట్టు ఒకటే; అయినను కుడికాలిది ఎడమకాలికి పట్టదు. గెలాక్టోజు అణువునందును అట్లే కుడిరూపము, ఎడమరూపము అని రెండు కలవు. ఒకటి రెండవదానికి అద్దములోని ప్రతిబింబము. వీనిని వేఱుపఱచు ఉపాయము చక్కెర మిల్లు చూచినవారికి సుపరిచితము. 1937లో నెలకొని 2015లో మూతపడిన మన బోధను నిజాం చక్కెర కర్మాగారము వంటి చోటులందు, రసములో చక్కెర పాలును తెలిసికొనుటకు పోలారిమీటరను పరికరమును వాడుదురు. ఒకే తలమున కంపించు కాంతిని చక్కెర ద్రావణము గుండ పంపిన, ఆ తలము ఒక ప్రక్కకు తిరుగును. ఎంత తిరిగినదో కొలిచి చక్కెర యెంత యున్నదో చెప్పుదురు. కుడి గెలాక్టోజు కాంతితలమును కుడికి త్రిప్పును. ఎడమ గెలాక్టోజు అంతే కొలత ఎడమకు త్రిప్పును. ప్రకృతిలో కుడిరూపమే విస్తారము, ఎడమరూప మరుదు.

ఎఱ్ఱనాచుల జిగురులో గెలాక్టోజులు రెండు రకముల ముడులతో, ఒకటి విడిచి యొకటిగా కూర్చబడియుండును. మొదటి స్థానమున నెల్లప్పుడును కుడిరూపమే. రెండవ స్థానమున నేది యున్నదన్నదే అసలు ప్రశ్న. అచట ఎడమరూపమున్న, ఆ జిగురు అగరు తెగకు చెందును. అచటను కుడిరూపమే యున్న, అది క్యారాజీనన్ తెగకు చెందును. ఐర్లండు తీరమున ప్రజలు క్యారజీన్ అని పిలుచు నాచునుండి ఈ రెండవ పేరు వచ్చినది.

క్యారాజీనన్ తెగలో మరల భేదములు కలవు. గొలుసులోని చక్కెరలకు అచ్చటచ్చట గంధకముతో కూడిన సల్ఫేటు గుంపు లంటుకొనియుండును. రెండు చక్కెరల జంటకు ఒక సల్ఫేటున్న కప్పా యనియు, రెండున్న అయోటా యనియు, మూడున్న లామ్డా యనియు గ్రీకు అక్షరముల పేర్లు పెట్టిరి. కప్పా, అయోటాలలో రెండవ చక్కెరనుండి ఒక నీటియణువు తొలగి లోపల వంతెన ఏర్పడియుండును. లామ్డాలో ఆ వంతెన లేదు. ఈ చిన్న భేదముల ఫలము పెద్దది. కప్పా ద్రావణమునకు పొటాషియం లవణము చేర్చిన గట్టి ముద్దగా పేరుకొనును. అయోటా కాల్షియంతో మెత్తని సాగు ముద్దయగును. లామ్డా పేరుకొనదు, చిక్కని ద్రవముగానే యుండును. పొటాషియం లవణముతో ఈ జిగురును రెండుగా వేఱుచేయవచ్చునని కెనడా దేశమున స్మిత్, కుక్ అను రసాయనజ్ఞులు 1953లో చూపిరి.

ఈ భేదము ఎవరికి కావలెను?

ఇదంతయు పండితుల కాలక్షేపమని తలంపరాదు. చైనా గ్రాస్ అను పేర కిరాణా దుకాణములలో దొరకు తెల్లని పోగులు అగరే. దానితో ఇంటిలో పాలహల్వాను చేసికొందుము. కాని అగరునకు అంతకంటె గొప్ప పని ఆసుపత్రి ప్రయోగశాలలో కలదు. రోగక్రిములను పెంచి పరీక్షించుటకు గట్టిపడు పదార్థ మొకటి కావలెను. తొలుత జర్మనీలో రాబర్ట్ కాఖ్‌గారి కాలమున జెలటిన్‌ను వాడెడివారు. అది వేడికి కరగిపోవును. అదియునుగాక కొన్ని క్రిములు దానినే తినివేయును. 1880వ దశాబ్ది తొలినాళ్లలో ఫానీ హెస్సే అను స్త్రీ, తన వంటయింట వాడుచున్న అగరును ఉపయోగింపుమని, క్రిములపై పరిశోధనము చేయుచున్న తన భర్తకు సూచించెను. అగరు ముద్ద సుమారు 85 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి వచ్చువఱకు కరగదు. మన మేనెల యెండలో జెలటిన్ ముద్ద నీరైపోవును. అగరు ముద్ద చెక్కుచెదరదు. ఆ గృహిణి మాట నేటివఱకు లోకమునకు మేలు చేయుచున్నది.

ఆ కాలమున అగరునకు పుట్టినిల్లు జపాను. 1941 డిసెంబరులో జపాను యుద్ధమున ప్రవేశించుటతో అనేక దేశములకు అగరు రాక నిలిచిపోయెను. ఒక్కొక్క దేశము తన తీరమున దొరకు ఎఱ్ఱనాచును వెదకికొనవలసివచ్చెను. బ్రిటనులో గైగార్టినా, కాండ్రస్ అను నాచులనుండి జిగురు తీసి దానిని బ్రిటిషు అగరని పిలిచిరి. అవసరమునకు అది పనికివచ్చినది. కాని రసాయనదృష్టిచే అది అగరు గాదు, క్యారాజీనన్ తెగలోనిది. అంతవఱకు ఎఱ్ఱనాచు జిగురంతయు నొకటేయని సరిపెట్టుకొన్నవారికి, ఏ నాచులో ఏ జిగురున్నదో నిర్ణయింపక తప్పని దినములు వచ్చినవి.

నేటికిని ఇది కూలిజనుల కూటికి సంబంధించిన విషయము. తమిళనాట మన్నారు సింధుశాఖ తీరమున మత్స్యకార స్త్రీలు నీట మునిగి గెలిడియెల్లా, గ్రాసిలేరియా అను నాచులను సేకరించి అగరు కర్మాగారముల కమ్ముదురు. రూపము పోలినదని వేఱు జిగురుగల నాచును అందు కలిపినచో సరకు చెడును, ధర తగ్గును. సరియైన పేరు పెట్టుట యనగా సరియైన వెల కట్టుట.

సాక్షి పలికిన మూడు తీర్పులు

కణకవచపు సాక్ష్యము వర్గీకరణమును మార్చిన సందర్భములలో మూడింటిని చెప్పెదను.

మొదటిది గ్రాసిలేరియా. కూలిన్‌గారు 1932లో దీని కుటుంబమును గైగార్టినేలీజ్ అను పెద్ద క్రమమున చేర్చిరి. ఆ క్రమములోని నాచులనుండి జిగురు తీసి చూడగా పెక్కింటిలో క్యారాజీనన్ కనబడెను. గ్రాసిలేరియాలో మాత్రము అగరు. ఒకే యింటివారందఱు తెలుగు మాటలాడుచుండ, నొక్కడు మాత్రము వేఱొక భాష పలికినట్లయినది. ఈ అనుమానము చిరకాలము నిలిచినది. తుదకు 1989లో ఫ్రెడెరిక్, హామర్‌శాండ్ అను శాస్త్రజ్ఞులు సంతానోత్పత్తి భాగములను మరల నిశితముగా పరిశీలించి, గ్రాసిలేరియా కుటుంబమునకు గ్రాసిలేరియేలీజ్ అను ప్రత్యేక క్రమము నేర్పఱచిరి. రసాయనము వేసిన ప్రశ్నకు సూక్ష్మదర్శిని సమాధానము చెప్పినది.

రెండవది అన్‌ఫెల్షియా. చల్లని సముద్రములలో తీగెవలె గట్టిగా పెరుగు ఈ నాచునుండి రష్యా దేశమున అగరును తీయుదురు. కాని వర్గీకరణమున దీనిని క్యారాజీనన్ గల కుటుంబములో నుంచిరి. అంతకన్న వింత యేమనగా, అన్‌ఫెల్షియా అను ఒకే ప్రజాతిలో చేర్చిన జాతులలో కొన్ని అగరును, కొన్ని క్యారాజీనన్‌ను ఇచ్చెను. ఒకే పేరు క్రింద ఇద్దఱు దాగియున్నారని దీనివలన తేలినది. 1989లో మాగ్స్, ప్యూషెల్ అనువారు, కణమునకు కణమునకు నడుమనుండు బిరడాల నిర్మాణమును, జీవితచక్రమును చూచి, అగరునిచ్చు అన్‌ఫెల్షియాను వేఱు క్రమముగా నిలిపిరి. 1992లో సిల్వా, డిక్యూ అనువారు క్యారాజీనన్ గల జాతులను విడదీసి అన్‌ఫెల్షియాప్సిస్ అని వేఱు పేరు పెట్టిరి.

మూడవది రైతుల తోటనుండి వచ్చినది. ఫిలిప్పైను దీవులలో సముద్రమున త్రాళ్లు కట్టి యూకియుమా అను నాచును సాగుచేయుదురు. ఆ సాగును ప్రోత్సహించిన హవాయి విశ్వవిద్యాలయపు మాక్స్‌వెల్ డోటీగారు అందలి రెండు రకములను పరిశీలించిరి. ఒకటి కప్పా నిచ్చును. రెండవది అయోటా నిచ్చును. కప్పా నిచ్చుదానిని ఆయన 1988లో కప్పాఫైకస్ అను కొత్త ప్రజాతిగా చేసిరి. గోడలోని జిగురు పేరే మొక్క ఇంటిపేరైనది! నేడు మన దేశపు తీరమునను కప్పాఫైకస్ సాగగుచున్నది.

సాక్షికి అడ్డుప్రశ్నలు

ఇంతవఱకు చదివినవారు, ఇకమీదట జిగురు పరీక్ష యొక్కటే చాలునని తలచిన పొరపాటగును. న్యాయస్థానమున సాక్షిని అడ్డుప్రశ్నలు వేయక నమ్మరు. ఈ సాక్షికిని అట్టి ప్రశ్నలు వేసిరి.

మొదటి ప్రశ్న జీవితదశను గూర్చినది. పెక్కు ఎఱ్ఱనాచులకు మగ, ఆడ బీజములనిచ్చు మొక్కలు వేఱు, సిద్ధబీజములనిచ్చు మొక్కలు వేఱు. ఈ రెండు తరములును మార్చిమార్చి వచ్చును. కాండ్రస్ అను నాచులో ఈ రెండు తరముల మొక్కలును చూచుట కొక్కతీరుగనే యుండును. 1973లో కెనడా దేశమున మెక్‌కాండ్లెస్, క్రేగీ, వాల్టర్ అనువారు వానిని వేఱుచేసి పరీక్షింపగా, బీజములనిచ్చు తరములో కప్పా తెగ జిగురును, సిద్ధబీజముల తరములో లామ్డా తెగ జిగురును కనబడెను. అంతకుముందు రెండు తరములను కలిపి కోసి జిగురు తీయుటచే, ఒకే మొక్కలో రెండును కలిసియున్నవని తలచిరి. దశ నడుగక జిగురును మాత్రము చూచిన, ఒక్క జాతినే రెండుగా విడదీయు ప్రమాదము కలదు. అయితే కప్పాఫైకస్, హిప్నియాలలో రెండు తరములకును జిగురొకటే. ఇట్లు ఏ కుటుంబములో జిగురు మాఱును, ఏ కుటుంబములో మాఱదు అన్నది మరల నొక గుఱుతైనది.

పోర్ఫిరా సంగతి యింకను చిత్రము. ఆకువంటి దశలో దాని గోడపోగులు సెల్యులోజు గాక జైలాన్ అను వేఱు పదార్థముతో నేర్పడును. గవ్వలలో తొలుచుకొని దారములవలె పెరుగు చిన్న ఎఱ్ఱనాచును ఒకప్పుడు కాంకోసెలిస్ అను వేఱు మొక్కగా భావించిరి. అది పోర్ఫిరా యొక్క మఱొక దశయేయని 1949లో ఇంగ్లండు స్త్రీ యగు కాథ్లీన్ డ్రూ కనుగొనిరి. ఈ దశలో పోగులు సెల్యులోజుతో నేర్పడును. మొక్క యొకటే, గోడలు రెండు. గోడనుమాత్రము చూచినవాడు వీనిని ఎన్నటికిని ఒక్కటి చేయలేడు.

రెండవ ప్రశ్న తీసిన విధానమును గూర్చినది. జిగురు గట్టిపడుటకై కర్మాగారములలో నాచును క్షారముతో ఉడికింతురు. దానిచే కొన్ని సల్ఫేటులు తొలగి వంతెన లేర్పడును. అట్లు మార్చిన జిగురును చూచి, మొక్కలో నున్నదిట్టిదేయని చెప్పరాదు. బజారులోని సరకు వేఱు, బ్రతికిన మొక్క వేఱు.

మూడవ ప్రశ్న చుట్టఱికమును గూర్చినది. పోర్ఫిరాలోని జిగురు అగరు తెగకు సంబంధించినదే. కాని పోర్ఫిరా, గ్రాసిలేరియాలు మిక్కిలి దూరపు శాఖలవి. కాబట్టి జిగురు కలిసినంత మాత్రమున దగ్గఱి బంధువులని తీర్మానింపరాదు. అయితే ఒకే క్రమములో నుంచినవాని జిగురులు పొసగనప్పుడు, అచట నేదో పొరపాటున్నదని అనుమానింపవలెను. పోలిక కంటె పొసగమియే ఎక్కువ నేర్పినది.

మన పసుపు రైతు లీ సూక్ష్మమును తేలికగా గ్రహింతురు. పసుపు కొమ్మును విఱిచి రంగు చూచుట పాత పరీక్ష. అందలి కుర్కుమిన్ పాలును కొలుచుట కొత్త పరీక్ష. కొత్తది మేలైనదే. కాని ఒకే రకపు పసుపు నేలను బట్టి, కాలమును బట్టి వేఱువేఱు పాళ్ల నిచ్చును. కావున ఆ అంకె యొక్కటే చూచి రకము పేరు చెప్పలేము.

ఈ వ్యాజ్యమున చివరి సాక్షి జన్యుపదార్థము. 1994 మొదలుకొని, కిరణజన్యసంయోగమునకు తోడ్పడు ఒక జన్యువులోని అక్షరక్రమమును అనేక ఎఱ్ఱనాచులలో పోల్చిచూచిరి. గ్రాసిలేరియా, అన్‌ఫెల్షియాలు గైగార్టినేలీజ్‌లోనివి కావని జన్యుసాక్ష్యమును బలపఱచినది. రూపము సందేహించినచోట జిగురు పలికెను. జిగురు పలికినదానిని సూక్ష్మదర్శిని సరిచూచెను. రెండింటిని జన్యువు ఖాయపఱచెను. ఒకరి నొకరు ఎఱుగని సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడే తీర్పు నిలుచును.

మరల విశాఖ తీరమునకు

ఇపుడు మన ఆఱు నాచులను పిలుతము. గ్రాసిలేరియా, గెలిడియం – ఈ రెండింటి జిగురు అగరు. కాని క్రమములు వేఱు. హిప్నియా – కప్పా క్యారాజీనన్, గైగార్టినేలీజ్ క్రమము. గ్రటలూపియా – క్యారాజీనన్ తెగ. హాలిమీనియేలీజ్ అను వేఱు క్రమము. పోర్ఫిరా – పోర్ఫిరాన్ అను అగరు బంధువు, దూరపు శాఖ. ఇక యాంఫిరోవా. దాని గోడలో సున్నపు పదార్థము పేరుకొని మొక్క ఱాయివలె గట్టిపడును. ఆ సున్నము కాల్సైటు రూపమున నుండును. లియాగోరా వంటి వేఱొక ఎఱ్ఱనాచులోను సున్నము కలదు. కాని అది అరగొనైటు రూపమున నుండును. పదార్థమొకటే, స్ఫటికములు వేఱు; ఆ భేదమును క్రమములను గుర్తించుటకు పనికివచ్చినది.

సముద్రము మనకు దూరమైనను పరీక్ష దూరము గాదు. రెండు గ్లాసులు తీసికొనుడు. ఒకదానిలో చైనా గ్రాసును నీట మరగించి పోయుడు. రెండవదానిలో జెలటిన్‌ను వేడినీట కరగించి పోసి, చల్లనిచోట నుంచుడు. రెండును పేరుకొన్న పిమ్మట, వ్రేలు ఓర్చగలిగినంత వేడినీటిలో రెండు గ్లాసులను నిలుపుడు. ఒకటి కరగును, ఒకటి నిలుచును. పేరుకొన్నప్పుడు రెండును ఒక్కతీరున నుండినవని మఱవకుడు.

రెండవ పరీక్ష. కోడిగ్రుడ్డు పెంకును, గవ్వను పొడిచేసి, ఒక్కొక్కదానిపై నిమ్మరసము పిండుడు. రెండింటిపైనను బుడగలు వచ్చును. గ్రుడ్డుపెంకులోనిది కాల్సైటు, గవ్వలోనిది అరగొనైటు. అయినను నిమ్మరసమునకు ఆ భేదము తెలియదు. దానిని తెలిసికొనుటకు వేఱు పరికరము కావలెను. మొదటి పరీక్ష, రూపము దాచినదానిని గుణము బయలుపెట్టునని చెప్పును. రెండవది, ప్రతి పరీక్షకును ఒక హద్దు కలదని చెప్పును. ఈ రెండు మాటలను కలిపి నేర్చినవాడే వర్గీకరణమును నేర్చినవాడు.

కోనసముద్రపు కమ్మరి ఉక్కుముద్దను చూచి తృప్తిపడియుండడు. కాల్చి, సాగగొట్టి, వంచి చూచి, ఆ పిమ్మటనే ఉక్కని పేరు పెట్టియుండును. విద్యార్థులారా, మీరు ఏ వస్తువునకైనను పేరు పెట్టునపుడు, ఆ పేరునకు ఎన్ని సాక్ష్యములున్నవో లెక్కించుకొనుడు.